గాల్వెస్టన్ నుంచి కోజుమెల్: పిల్లలతో నాలుగు రాత్రుల క్రూజ్, ఖర్చుల సంగతి

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్. మేం అక్కడి నుంచి మెక్సికో ద్వీపం కోజుమెల్‌కు వెళ్లొచ్చాం. ఐ-45 హైవే పట్టుకుని అయిదు గంటలు కారు నడిపితే ఓడరేవు. ఫ్లారిడా నుంచి బయలుదేరే ఓడలు ఒక్కోసారి ఇంకా చవకగా కనిపిస్తాయి కానీ, నలుగురికీ విమానం టికెట్లు కొన్నాక ఆ తేడా ఏమీ మిగలదు. మేం మయామీ ఆలోచన మానుకున్నది అందుకే.

బడికి వెళ్లే పిల్లలుంటే ధరను తేల్చేది ఓడ కాదు, తేదీ. అదే ఓడ, అదే గది, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ వారానికి చూస్తే జనవరి ధరకు దాదాపు రెట్టింపు చూపించింది. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలూ అంతే. చవక వారాలన్నీ బడులు నడిచేటప్పుడే వస్తాయి: కొత్త సంవత్సరం అయిన వెంటనే, ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో, డిసెంబర్ మొదట్లో. టెక్సాస్‌లో బడులు చాలావరకు ఆగస్టు మధ్యకే తెరుస్తారు కాబట్టి ఆగస్టు చివరి చవక మనకు అందదు.

దీనికి మేం పట్టుకున్న దారి సోమవారం సెలవు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే. కార్నివాల్ కంపెనీ ఓడ కార్నివాల్ బ్రీజ్ నాలుగు రాత్రుల ట్రిప్పు గురువారం బయలుదేరి సోమవారం పొద్దున తిరిగొస్తుంది. పిల్లలకు పోయేది రెండే బడి రోజులు. టీచర్లకు ముందే మెయిల్ పెట్టాం. టెక్సాస్‌లో 90 శాతం హాజరు ఉండాలన్న నియమం ఉంది కానీ, మామూలుగా బడికి వెళ్లే పిల్లలకు రెండు రోజులతో ఏమీ కాదు. ఇంకో లాభం, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉండే తుపానుల కాలం అప్పటికి అయిపోయి ఉంటుంది. నష్టం కూడా ఒకటుంది. చలికాలంలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచు దట్టంగా పడుతుంది. అది విడిచేదాకా ఓడల రాకపోకలు ఆపేస్తారు, తిరుగు ప్రయాణం గంటల కొద్దీ ఆలస్యం కావచ్చు. మంగళవారం కూడా సెలవు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక డబ్బు. 2024 జులై నుంచి కాలిఫోర్నియా చట్టం పుణ్యమా అని పెద్ద కంపెనీలు పన్నులు, పోర్ట్ ఫీజులు కలిపే ధర చూపిస్తున్నాయి. అంతకు ముందు 200 డాలర్లని చూపించి చివరి పేజీలో గుండె ఆగేలా చేసేవాళ్లు. ఇప్పటికీ కలపనిది గ్రాట్యుటీ, అంటే ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు. కార్నివాల్‌లో మామూలు గదులకు మనిషికి రోజుకు 16, 17 డాలర్ల దగ్గర ఉంది. రెండేళ్లు దాటిన పిల్లలకూ పెద్దవాళ్లతో సమానంగా పడుతుంది, కాబట్టి నలుగురికి నాలుగు రాత్రులకు సుమారు 260 డాలర్లు. గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ తక్కువే కానీ, పన్నులు అందరికీ ఒకటే. మాకు కిటికీ లేని లోపలి గదికి అన్నీ కలిపి 1,600 డాలర్ల లోపు తేలింది. పార్కింగ్, పెట్రోలు, ముందురోజు హోటల్, కోజుమెల్‌లో ఖర్చు కలుపుకుంటే 2,200 దగ్గరికి వచ్చింది. ఇదే సెలవుల్లో ఓర్లాండో థీమ్ పార్కులకు లెక్క వేసి చూశాం. టికెట్ల దగ్గరే ఆగిపోయాం.

కాగితాల గురించి మన వాళ్లు తప్పకుండా అడుగుతారు కాబట్టి వివరంగా చెప్తాను. బయలుదేరిన అమెరికా రేవుకే తిరిగొచ్చే ఓడ కాబట్టి, ఇక్కడ పుట్టిన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ చాలు. అయినా పాస్‌పోర్ట్ ఉంటే తీసుకెళ్లండి. మా ఇద్దరిదీ హెచ్1బీ ఉద్యోగ వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్, గడువున్న వీసా స్టాంపు, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు పెట్టుకున్నాం. అమెరికా వీసా గడువులో ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు దాటినవాళ్లను కూడా మెక్సికోకు కొద్ది రోజులు వెళ్లి తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నియమం ఉన్న మాట నిజమే కానీ, పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని చెక్-ఇన్ కౌంటర్లో ఆ నియమం వివరించే పరిస్థితి తెచ్చుకోవద్దని నా సలహా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీనా (ఒకటికి మించిసార్లు అమెరికాలోకి రానిచ్చేదా) కాదా చూసుకోండి.

ముందురోజు రాత్రి గాల్వెస్టన్‌లోనే ఉండాలనేమీ లేదు. అక్కడి హోటళ్ల కంటే వెబ్‌స్టర్, లీగ్ సిటీ వైపు చవక, స్పేస్ సెంటర్ హ్యూస్టన్ కూడా పక్కనే. దారిలో పేర్లాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లొచ్చు. మేం మాత్రం గాల్వెస్టన్ ద్వీపంలోనే, కారు ఉచితంగా ఉంచుకుని షటిల్‌లో రేవుకు దింపే ప్యాకేజీ ఉన్న ఒక హోటల్ తీసుకున్నాం. గది బాగానే ఉంది. షటిల్ మాత్రం ఒక్కటే వ్యాను, దాని కోసం లాబీ నిండా సూట్‌కేసులతో జనం. మాకు వంతు వచ్చేసరికి చెక్-ఇన్ సమయం దాటిపోయింది. రేవు పార్కింగ్‌కు రోజుకు 20 డాలర్ల పైచిలుకు కట్టడమే నయం.

గది గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నాలుగు రాత్రులకు బాల్కనీ దండగ. పైనుంచి దించే బంకు మంచాలకు పిల్లలు మురిసిపోతారు. ఒకే బాత్రూం కాబట్టి పొద్దున కాస్త గొడవ ఉంటుంది. జనవరిలో గల్ఫ్ కొంచెం ఊపుతుంది, అందుకని కింది డెక్కుల్లో ఓడ మధ్యభాగంలో గది ఎంచుకోండి.

అసలు క్రూజ్ చవక అయ్యేది పిల్లల క్లబ్ దగ్గర. కార్నివాల్ క్యాంప్ ఓషన్ రాత్రి పదింటి దాకా ఉచితం, ఆ తర్వాతే గంటకింత అని తీసుకుంటారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు ఒక గుంపు, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లు మరో గుంపు. పాపకు పది, బాబుకు ఏడు. అక్క లేకుండా వెళ్లనని వాడు మొదటి సాయంత్రం గుమ్మంలోనే ఏడుపు. అక్కడి అమ్మాయి వాణ్ని బతిమాలకుండా చేతిలో రంగులు పెట్టి పక్కన కూర్చుంది. మర్నాటికి భోజనానికి పిలిచినా రాలేదు. తొమ్మిది దాటిన పిల్లలు అమ్మానాన్నల అనుమతి ఉంటే సొంతంగా సంతకం పెట్టి బయటికి రావచ్చు. పాపకు ఆ అనుమతి ఇచ్చాం కానీ, దాని గది కార్డు మీద ఖర్చుకు పరిమితి పెట్టించాం. ఇది గెస్ట్ సర్వీసెస్‌లో అడిగితే చేస్తారు. లేకపోతే వీడియో గేముల గదిలో, చాక్లెట్ల కొట్లో పిల్లలు కార్డు గీకుతూనే ఉంటారు. వాటర్ స్లైడ్లు, తాళ్ల మీద నడిచే స్కైకోర్స్, మినీ గోల్ఫ్ అన్నీ టికెట్‌లోనే. స్లైడ్లకు ఎత్తు నిబంధన ఉంటుంది, ఇంట్లోనే కొలిచి చెప్పేస్తే అక్కడ ఏడుపులు తప్పుతాయి.

తిండి విషయం. ఇంట్లో చేసిన పులిహోర ఓడలోకి రానివ్వరు. ఫ్యాక్టరీ సీలు ఉన్న ప్యాకెట్లు పర్వాలేదు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె స్కానింగ్‌లో పట్టుకుని చివరి రోజు తిరిగిస్తారు. మనవాళ్లు రైస్ కుక్కర్ లేకుండా ఊరు దాటరని వాళ్లకూ తెలిసినట్టుంది. అంత అవసరం కూడా రాలేదు. డైనింగ్ రూంలో ఇండియన్ వెజిటేరియన్ భోజనం అడిగితే అన్నం, పప్పు, కూర, అప్పడం పెట్టారు. ముందురోజే చెబితే ఇంకా బాగా చూసుకుంటారు. వడ్డించినాయన గోవా మనిషి, రెండో రోజు నుంచి అడక్కుండానే పచ్చిమిర్చి తెచ్చాడు. పప్పులో ఉప్పూ కారం మనకు చాలవు, ఆవకాయ ప్యాకెట్ ఉంటే పండగే. బర్గర్లు, పిజ్జా, ఐస్‌క్రీం ఉచితం. నీళ్లు, నిమ్మరసం, టీ, కాఫీ కూడా. సోడాలకు డబ్బులు తీసుకుంటారు. ఎక్కే రోజు చేతి సంచిలో మనిషికి 12 డబ్బాల దాకా తెచ్చుకోవచ్చు, మేం అదే చేశాం.

వైఫై కొనలేదు. ఇద్దరం క్యారమ్స్ ఆడుకునే రోజులు గుర్తొచ్చాయి. ఫోన్ మాత్రం ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోకండి, సముద్రం మీద సెల్ సిగ్నల్ తగిలితే బిల్లు వేరే లెవెల్లో వస్తుంది. ఓడ యాప్‌లో ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోవడానికి కొద్ది డాలర్లు చాలు.

కోజుమెల్‌లో ఓడవాళ్ల టూర్లు నలుగురికి లెక్కవేస్తే భారం. రేవు బయట టాక్సీ స్టాండులో రేట్ల బోర్డు ఉంటుంది, అది చూసి ఎక్కితే మోసం ఉండదు. మేం చంకనాబ్ పార్కుకు వెళ్లాం. ప్రవేశానికి టికెట్ ఉంది కానీ స్నానాల గదులు, నీడ, పిల్లలకు సీలయన్ల (సముద్ర సింహాల) షో అన్నీ అందులోనే. నీళ్లు అద్దంలా ఉండి, మెట్లు దిగగానే చేపలు కనిపిస్తాయి. ద్వీపానికి పడమటి వైపు సముద్రం నిమ్మళంగా ఉంటుంది, తూర్పు వైపు అలలు గట్టివి, చిన్నపిల్లలతో అటు వద్దు. అన్నీ కలిపిన బీచ్ క్లబ్బులూ ఉన్నాయి కానీ వాటి ధరలో పెద్ద భాగం మందుకే పోతుంది, తాగనివాళ్లకు గిట్టదు. ఒక జాగ్రత్త: జనవరిలో కోజుమెల్ గడియారం డాలస్ కంటే గంట ముందుంటుంది, ఫోన్ దానంతటదే మారిపోతుంది. ఓడ మాత్రం ఓడ సమయానికే కదులుతుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకోండి.

అయిదు రాత్రుల ట్రిప్పులో ప్రొగ్రెసో అనే ఇంకో మెక్సికో రేవు కూడా ఉంటుంది. సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్ల వంతెన లాంటి రేవు, అక్కడి నుంచి ఊళ్లోకి ఉచిత బస్సు. మేం దాన్ని వేరే ఏడాది చూశాం. పేరున్న మాయా శిథిలాలు చిచెన్ ఇట్జాకు పోవడానికే రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఏడేళ్ల పిల్లాడిని అంతసేపు బస్సులో కూర్చోబెట్టలేం. దగ్గర్లోని జీబిల్‌చాల్తున్ శిథిలాలు చాలు, ఏడు బొమ్మల గుడి అక్కడిదే. ఊరి బీచ్ మాత్రం కోజుమెల్ ముందు తేలిపోతుంది. ప్రొగ్రెసో కోసం ఇంకో రాత్రికి డబ్బు పెట్టక్కర్లేదు.

రాయల్ కరీబియన్ వాళ్ల మారినర్ ఆఫ్ ది సీస్ కూడా గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రాత్రులు తిరుగుతోంది. ఐస్ స్కేటింగ్ రింకు, అలల మీద నిలబడి ఆడే ఫ్లోరైడర్ ఉన్నాయి. పన్నెండు దాటిన పిల్లలుంటే కొంచెం ఎక్కువైనా అదే మేలు. చిన్నవాళ్లకు బ్రీజ్ చాలు.

బుక్ చేశాక ధర చూడటం ఆపకండి. చివరి చెల్లింపు గడువు ప్రయాణానికి దాదాపు రెండున్నర నెలల ముందు ఉంటుంది, ఆ లోపు రేటు తగ్గితే ఫోన్ చేసి తగ్గించమని అడగొచ్చు. కాస్ట్‌కో సభ్యులైతే అక్కడ బుక్ చేసుకుంటే కొంత డబ్బు వాళ్ల షాప్ కార్డు రూపంలో తిరిగొస్తుంది. దిగేటప్పుడు సామాను మనమే మోసుకుంటే ముందు వరసలో పంపుతారు. మేం తొమ్మిది లోపే రోడ్డెక్కి, సాయంత్రానికి ఇంట్లో బట్టలు మెషిన్‌లో వేసుకున్నాం.