ఐసిస్ ఎకో నీళ్లు: లేబుల్ లేని బాటిల్‌తో ఏడాదిన్నర

దక్షిణ కొరియాలోని సువాన్‌కి వచ్చిన మొదటి నెలలోనే, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాతగారు చెత్త వేసే చోట నన్ను ఆపారు. నా సంచిలోంచి ఒక నీళ్ల బాటిల్ తీసి, లేబుల్ ఊడబీకి, కాలితో తొక్కి చదును చేసి, మూత బిగించి, పక్కన విడిగా కట్టిన సంచిలో వేశారు. భాష రాకపోయినా విషయం అర్థమైంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో 2020 డిసెంబరు 25 నుంచి ఇదే రూలు.

అప్పట్లో మేం తాగే నీళ్లు వేరే కంపెనీవి. లేబుల్ గమ్ముతో అంటించి ఉండేది. సగం చిరిగి సగం ఉండిపోయేది. గుంటూరులో అమ్మ హార్లిక్స్ సీసా నానబెట్టి, కొబ్బరినూనె రాసి ఓపిగ్గా గీకేది. అది కందిపప్పు పోసుకోవడానికి! పారేసే బాటిళ్లకి వారానికి పన్నెండుసార్లు ఆ పని అంటే విసుగొచ్చేసింది.

అయినా మానలేదు, ఎందుకంటే కారణం గట్టిది. రీసైక్లింగ్ చేసేచోట బాటిళ్లను ముక్కలు చేసి నీళ్లలో వేస్తే, బాటిల్ చేసిన పెట్ అనే ప్లాస్టిక్ మునుగుతుంది, మూత ముక్కలు పైకి తేలతాయి. అందుకే మూత ఉంచినా ఇబ్బంది లేదు. లేబుళ్లలో మాత్రం కొన్ని రకాలు పెట్‌తో పాటే మునిగి అందులో కలిసిపోతాయి. మిగిలిన గమ్ము కరిగించేటప్పుడు పసుపెక్కుతుంది, సిరా దిగితే సరుకంతా మసకబారుతుంది. రంగు లేకుండా, శుభ్రంగా ఉన్న ముక్కలతోనే మళ్లీ బాటిల్ చేయగలరు, బట్టలకి మంచి దారం తీయగలరు.

లోట్టే చిల్‌సంగ్ అనే కొరియా పానీయాల కంపెనీ వాళ్లు ఈ ఐసిస్ ఎకోని 2020 జనవరిలో తెచ్చారు. లేబులే లేదు. పేరు బాటిల్ మీదే ఉబ్బెత్తు అక్షరాలతో అచ్చయి ఉంటుంది. మిగతా వివరాలు చాలావరకు, బార్‌కోడ్ ఆరు బాటిళ్లను కలిపి చుట్టిన కవర్ మీద ఉంటాయి. నేను రెండు లీటర్ల ప్యాక్ తెప్పిస్తాను. నీళ్ల రుచిలో నాకు పెద్ద తేడా తెలియలేదు. తేడా అంతా బాటిల్ ఖాళీ అయ్యాకే. తొక్కి, మూత పెట్టి వేసేయడమే. మా ఏడేళ్ల పాప ఇప్పుడు ఆ పని తనదే అంటుంది.

ఒక్క లోటుంది. కవర్ చింపేశాక నీళ్లలో ఏ ఖనిజాలున్నాయో బాటిల్ చూసి చెప్పలేం. మా అత్తయ్య వచ్చినప్పుడు "పేరే కనిపించడం లేదు, ఇవి మంచినీళ్లేనా అమ్మాయ్?" అని రెండుసార్లు అడిగారు. కళ్లజోడు పెట్టుకున్నా ఆ ఉబ్బెత్తు అక్షరాలు ఆవిడకి ఆనలేదు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ కవర్ వెంటనే పారేయకండి. నేను వివరాలున్న ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తున్నాను.