“గట్టి వాన పడ్డాక ఇవ్వండి”: మా పెంకుటింటి కప్పు, ఆరేళ్ల తర్వాత

“మిగిలిన 40 వేలూ గట్టి వాన పడ్డాక ఇవ్వండి బాబుగారూ.”

2019 జూన్‌లో మా ఇంటి కప్పు పని ముగిసిన రోజు మేస్త్రి అన్న మాట ఇది. డబ్బు ఆపుతానని నేను అనలేదు. అలా అనవచ్చని అప్పటికి నాకు తెలియనే తెలియదు. ఈ ఆరేళ్లలో ఆ కప్పు మీదా, ఆ మనిషి మీదా నా అభిప్రాయం చాలాసార్లు అటూ ఇటూ అయింది గాని, ఈ ఒక్క మాట మీది ముచ్చట మాత్రం తీరలేదు. కప్పు పనికి మనిషిని ఎలా ఎంచుకోవాలని ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. తర్వాత కొన్ని సణుగుళ్లు కూడా ఉన్నాయి.

ఇల్లు అంబాజీపేట దగ్గర ఒక ఊళ్లో ఉంది. తాతగారి కాలపు మండువా లోగిలి. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను విశాఖలో ఉద్యోగం. ఏటా వేసవిలో పెంకులు సర్దించుకుంటూ నెట్టుకొచ్చాం. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు వీధి వైపు వాలులో సగం పెంకులు లేచిపోయాయి. సర్దడానికి వచ్చినవాడు రెండు వాసాలు పట్టుకుని ఊపి, “వీటి మీద పిల్లిని కూడా ఎక్కనివ్వకండి” అని చెప్పి వెళ్లిపోయాడు. చెద తినేసింది.

మండువా ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క. ఇలాంటి ఇంటి నడుమ పైకప్పు లేని చోటు ఉంటుంది, అదే మండువా. కప్పు ఆ లోపలి వైపుకూ దిగుతుంది. లోపలి నాలుగు మూలల్లోనూ రెండేసి వాలుల నీళ్లు కలిసి, ఒక రేకు కాలువలోంచి మండువాలోకి పడాలి. కప్పంతా కొత్తగా మెరుస్తున్నా ఆ నాలుగు కాలువల్లో ఒక్కటి సరిగ్గా కుదరకపోతే ఇల్లు కారుతూనే ఉంటుంది.

ముగ్గురిని పిలిచాం. మొదటాయన కారులో వచ్చి, వీధిలోనే నిలబడి ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. పెంకు ఆకారం ఒత్తిన రంగు రేకులు వేసేద్దాం, పదిహేను రోజుల పని, పదేళ్ల గ్యారంటీ అన్నాడు. గ్యారంటీ కాగితం అచ్చు వేయించి మరీ తెచ్చాడు. మా తమ్ముడు దానికే మొగ్గాడు. ఆ గ్యారంటీ రేకుకా, బిగించిన పనికా అని అడిగితే రేకుకేనని తేలింది. కారేది రేకు మధ్యలోంచి కాదు కదా, రేకూ రేకూ కలిసే చోట, మేకు దిగిన చోట. రెండో ఆయన చదరపు అడుగు రేటు అందరికంటే తక్కువ చెప్పాడు. పాత కలప తనే తీసుకుపోతానని మాటల మధ్యలో మెల్లగా జారవిడిచాడు. మా దూలాలు బర్మా టేకు. ఆ తక్కువ రేటు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

మూడో మనిషి వస్తూనే నిచ్చెన అడిగాడు. అటక ఎక్కి గంటసేపు దిగలేదు. స్క్రూడ్రైవరుతో ఒక్కో వాసాన్నీ పొడిచి చూసి, మెత్తగా దిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు. దిగి, తలకు పట్టిన బూజు దులుపుకుంటూ, “పదకొండు వాసాలు మార్చాలండీ. రీపర్లు మొత్తం మార్చాలి. దూలాల జోలికి వెళ్లకండి, అవి మనకంటే గట్టిగా ఉన్నాయి” అన్నాడు. రీపర్లంటే వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్క పట్టీలు, పెంకులు కూర్చునేది వాటి మీదే. కాగితం లేదు, గ్యారంటీ లేదు. లెక్కంతా స్కూలు నోటుబుక్కులో ఒక పేజీ. అతనికే ఇచ్చాం.

పని జరిగిన తీరుకు నేనేమీ ఎక్కువ మార్కులు వేయను. ఐదు వారాలన్నది తొమ్మిది వారాలైంది. పదకొండు వాసాలు కాస్తా విప్పేసరికి పందొమ్మిదయ్యాయి. రోహిణి కార్తె ఎండల్లో అమ్మ టార్పాలిన్ కింద వంట చేసుకుంది. అంతా కలిపి 4 లక్షల 30 వేలైంది, మొదట అనుకున్నదానికి 60 వేలు ఎక్కువ. అయితే పెంకుల దగ్గర మాత్రం మనిషిలో ఇంకో మనిషి కనిపించాడు. లారీలో వచ్చిన ప్రతి మంగళూరు పెంకునూ అరచేతిలో పెట్టుకుని వేలి మెటికతో కొట్టి విన్నాడు. ఖంగుమన్నది ఇటు, మొద్దుగా పలికింది అటు. అలా పక్కన పెట్టినవి 200 దాకా వెనక్కి వెళ్లాయి. కావలసిన 2,700 మీద ఇంకో 150 కొనమని పట్టుబట్టాడు కూడా. నేను మొహం ముడుచుకుంటే, “రేపు కొబ్బరికాయ పడి పగిలితే ఈ అచ్చు దొరకదండీ. వేరే ఫ్యాక్టరీ పెంకు దీని గాడిలో కూర్చోదు” అన్నాడు. అప్పుడు దండుగ అనుకున్నాను.

ఇక వాన సంగతి.

జూన్ ఆఖరున ఒక రాత్రి వాన పడింది. తెల్లవారగానే అమ్మ ఫోను చేసి ఒక్క చుక్క కూడా పడలేదంది. నాకు ప్రాణం లేచొచ్చి, మేస్త్రికి ఫోను చేసి డబ్బు పంపుతానన్నాను. వద్దన్నాడు. “అది మొక్కలు తడిసే వానండీ. గాలితో కలిసి రానివ్వండి, అప్పుడు చూద్దాం.” వచ్చే డబ్బును వద్దనే కాంట్రాక్టరును నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇతగాడికి పనిలో ఎక్కడో అనుమానం ఉండబట్టే ఇలా అంటున్నాడని తమ్ముడు తేల్చాడు. ఆ మాటలోనూ కొంత నిజముందని తర్వాత తెలిసింది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అందరం ఊళ్లో ఉన్నాం. ముందురోజు మధ్యాహ్నం మొదలైన ముసురు సాయంత్రానికి గాలివానైంది. కరెంటు పోయింది. లోపలి గదిలో బియ్యం డబ్బా మూత మీద టప్పున చప్పుడైంది. మళ్లీ కాసేపటికి ఇంకోటి. అమ్మ ఏమీ మాట్లాడకుండా గిన్నె తెచ్చి అక్కడ పెట్టింది. నాలుగు లక్షలు పోసిన కప్పు కింద, అరవై ఏళ్లుగా పెడుతున్న చోటే, అదే గిన్నె. నాకు వచ్చిన కోపం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఫోనులో మేస్త్రిని నానా మాటలూ అన్నాను. అంతా విని, “ఇంకా పడుతోందాండీ? మంచిది, ఆగకముందే వస్తాను” అని పెట్టేశాడు.

ఏడు గంటలకు మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. ఒక చేతిలో టార్చి, జేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన సుద్దముక్క. కప్పు ఎక్కుతాడేమో అనుకున్నాను. తడి పెంకు మీద కాలు పెడితే నాలుగు పగులుతాయని చెప్పి, ఇంట్లో ఉన్న కొవ్వొత్తి కూడా ఆర్పేయమన్నాడు. చీకట్లో నిచ్చెన మీద నిలబడి, టార్చిని పైకి కాకుండా వాసం పొడవునా పక్కవాటుగా వేశాడు. అప్పుడు కనిపించింది. వాసం అడుగున వెంట్రుక మందాన నీటి తీగ మెరుస్తోంది. చుక్క పడుతున్నది బియ్యం డబ్బా మీద. కాని ఆ తీగ అక్కడ పుట్టలేదు. రెండడుగులు పైకి, అక్కడి నుంచి రీపరు మీదుగా పక్క వాసానికి, మళ్లీ పైకి. అతను ఒక్కో జానకూ సుద్దతో చుక్క పెడుతూ నిచ్చెన జరిపించాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. మా పదేళ్ల అమ్మాయి చుక్కలు లెక్కపెట్టింది, పద్నాలుగు. చివరి చుక్క మండువా నైరుతి మూలలో, రేకు కాలువ అంచు కింద ఆగింది. కారుతున్న చోటికి అది మూడు గజాల దూరం. పగటిపూట, వాన లేనప్పుడు ఎవరు వచ్చినా బియ్యం డబ్బాకు సరిగ్గా పైనున్న పెంకులు మార్చి డబ్బు పుచ్చుకుని వెళ్లేవాళ్లు. అంతకుముందు అరవై ఏళ్లూ మేము చేయించింది అదే.

మర్నాడు వాన తెరిపిచ్చాక ఆ మూలలో పెంకులు ఎత్తి చూపించాడు. మూలకు సరిపోయేలా పెంకులు ఏటవాలుగా కోసినప్పుడు రాలిన ముక్కలూ, గట్టిపడిన సిమెంటు పెళ్లలూ కాలువలోనే ఉన్నాయి. వాటికి కొబ్బరి పూత కొట్టుకొచ్చి పట్టుకుంది. చిన్న ఆనకట్ట. నీళ్లు వెనక్కి నిండి, రేకు మడత అంచు దాటి రీపరు మీదకు దిగాయి. “కుర్రాళ్లను ఎత్తమన్నానండీ, ఎక్కి చూడలేదు. తప్పు నాదే” అన్నాడు. సాకు చెప్పలేదు. పూజ హడావిడిలో అమ్మ అతనికి పులిహోర పెట్టించి, “ఏమయ్యా మేస్త్రీ, మిగతా మూడు మూలలూ చూశావా?” అంది. అది నాకు తట్టలేదు. అవీ విప్పాడు. ఇంకో మూలలోనూ ముక్కలున్నాయి. నాలుగింటికీ పాత రేకు తీసేసి, ఆరంగుళాలు ఎక్కువ వెడల్పున్నది వేసి, అంచు మడత పెంచాడు. రేకు ఖర్చు కూడా అడగలేదు.

ఇక్కడిదాకా చదివితే ఇదంతా స్తోత్రంలా ఉంటుంది. మిగతాది కూడా రాయాలి.

ఆ 40 వేలలో 10 వేలు దసరా ముందు అతనే అడిగాడు, నేల వైపు చూస్తూ. కుర్రాళ్లకు కూలి బాకీ ఉన్నాడట. గట్టి వాన పడ్డాక ఇవ్వమన్న మాట నాకు ముద్దొచ్చింది గాని, ఆ నాలుగు నెలలూ ఆ బరువు మోసింది అతని కుర్రాళ్లు. మొత్తం అప్పుడే ఇచ్చేశాను. కాబట్టి పదోవంతు ఆపండి అని అందరికీ చెప్పేటప్పుడు నాకు కొంచెం గొంతులో అడ్డుపడుతుంది. కాస్త నిలదొక్కుకున్న కాంట్రాక్టరైతే ఆపవచ్చు. రెక్కాడితే గాని డొక్కాడని మేస్త్రి దగ్గరైతే ఆపేది తక్కువగా ఉండాలి, కూలీల డబ్బులోంచి ఉండకూడదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు, రెండు వాలులూ పైన కలిసే వెన్ను మీది పెంకుల కింద సున్నం సిమెంటు పగిలి ఇంకో చోట కారింది. ఈసారి ఫోను చేస్తే తొమ్మిది రోజులకు వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, నిచ్చెన కింద నిలబడి కొడుకు చేత చేయించాడు. నిరుడు చూస్తే, అంత ముచ్చటగా వేసిన జీఐ రేకుకు మేకుల చుట్టూ తుప్పు. ఉప్పుగాలి ఊళ్లో జింకు పూత రేకు మీద మామూలు ఇనుప మేకులు కొట్టాడు. ఇంత తెలిసినవాడికి ఇది తెలియదా అని నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. అడిగితే “చేతిలో అవే ఉన్నాయండీ” అన్నాడు. ఉచితంగా వేసిన రేకు కదా, నేను ఇంకేమీ అనలేకపోయాను.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చినప్పుడు అసలు పరీక్ష జరిగింది. కప్పు వేసేటప్పుడు మేస్త్రి చూరు దగ్గర రెండు వరసల పెంకులకు అడుగున ఉండే చెవి రంధ్రంలోంచి తీగ లాగి రీపరుకు కట్టాడు. అవి ఒక్కటీ కదల్లేదు. నడి వాలులో తీగ కట్టని చోట 14 లేచిపోయాయి. అన్నింటికీ ఎందుకు కట్టలేదంటే, అప్పట్లో ఖర్చు ఎక్కువవుతోందని వద్దన్నది నేనే. దొడ్డి గోడ వారన పేర్చిన ఆ దండుగ 150లోంచి పద్నాలుగు తీసి మర్నాడు మధ్యాహ్నానికి సర్దించేశాం. ఇంకా 60 పైచిలుకు ఉన్నాయి. మిగిలినవన్నీ కొబ్బరికాయలకే పోయాయి. కప్పు మీదకు వాలిన రెండు చెట్లూ కొట్టించమని మేస్త్రి మొదటిరోజే చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు, ఒప్పుకోదు.

మరి ఇతన్ని సిఫారసు చేస్తానా? స్లాబు ఇల్లున్నవాళ్లకు ఇతని పనితనంతో నిమిత్తం లేదు. తొందర ఉన్నవాళ్లకు అసలే వద్దంటాను. నాకు కుదరడానికి ఇంకో కారణముంది. ఇంట్లో అమ్మ ఉంది. ఏ మూల ఎప్పుడు కారిందో ఆమెకు తారీఖులతో సహా గుర్తు. తాళం వేసి ఉన్న ఇంటికైతే వానలో వచ్చే మేస్త్రి ఉన్నా తలుపు తీసేవాళ్లుండరు. ఆ రంగు రేకుల ఆయన పని చేయించుకున్న మా బంధువుల ఇల్లు ఇప్పటిదాకా కారలేదన్నదీ నిజం. వాన పడితే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించదు, అంతే.

ఇప్పుడు ఆ నాలుగు రేకులూ మార్చాలి. మేస్త్రి ఎక్కలేడు. కొడుకు వచ్చి చూసి వెళ్లాడు. పని బాగానే తెలుసు, వాసం పొడిచి చూడటం తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. సగం అడ్వాన్సు, మిగతాది పని అయిన రోజే అన్నాడు. మేకులు జింకు పూతవే వాడాలి, కొంత డబ్బు వాన పడ్డాక ఇస్తాను, కూలీలది మాత్రం ఆపను అని చెప్పాను. నాన్నను అడిగి చెబుతానన్నాడు. వారమైంది, ఇంకా ఫోను రాలేదు.