పట్నం చెరువులో బొచ్చె వేయాలా, కొర్రమీనా?

ఏటా వానలు పడగానే మా మత్స్యకార సంఘంలో ఇదే వాదన. హైదరాబాద్ శివారులో చిన్న చెరువు మాది. మూడు వైపులా అపార్టుమెంట్లు, నాలుగో వైపు నుంచి నాలా నీళ్లు. ఇందులో బొచ్చె, రవ్వ, మృగాల చేపపిల్లలు వదలాలని పెద్దవాళ్లు అంటారు. కొర్రమీనుకే ధర ఉంది కదా, దాని మీద పడదామని కుర్రవాళ్లు అంటారు. చిన్నప్పటి నుంచి నాన్న వెంట వలలు మోసినవాణ్ణి కాబట్టి రెండింటి సంగతీ నాకు కాస్త తెలుసు.

బొచ్చె జాతికి పెద్ద లాభం, మేత దగ్గర పోట్లాట లేకపోవడం. బొచ్చె పైనీళ్లలో కంటికి ఆనని పురుగుల్ని తింటుంది. రవ్వ నడిమి నీళ్లలో నాచు తింటుంది. మృగాల అడుగున కుళ్లిన ఆకు అలము ఏరుకుంటుంది. ఒకే చెరువు మూడంతస్తుల ఇల్లు అన్నమాట. నీళ్లు కలిసొస్తే మనం గుప్పెడు తవుడు వేయకపోయినా ఏడాదికి బొచ్చె కిలో తూగుతుంది. పైగా 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లల్ని ఉచితంగా ఇస్తోంది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది లెక్క. ఈ సైజు దగ్గర మాత్రం పట్టుబట్టాలి. ఆ కొలతకు తక్కువ పిల్లల్ని వదిలితే జెల్లలకు, నీటికాకులకు విందు పెట్టినట్టే.

చిక్కేమిటంటే ఈ మూడు జాతులూ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారుదల కావాలి. కాబట్టి ఏటా పిల్లల్ని వదలాల్సిందే. మత్తడి దూకేటప్పుడు అడ్డంగా జాలీ కట్టకపోతే ఆ వదిలినవీ దక్కవు.

ఇంకో చిక్కు పెద్దది. మూడేళ్ల కిందట రెండు రోజులు ముసురు పట్టి ఎండ మొహం కనిపించలేదు. మూడో రోజు తెల్లవారుజామున నాన్న లేపాడు. చెరువు నిండా చప్ చప్ మని చప్పుడు. టార్చి వేసి చూస్తే బొచ్చెలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చి, నోళ్లు నీళ్ల పైకి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. చెయ్యి పెట్టినా పక్కకు పోవడం లేదు. "నీళ్లల్ల ఊపిరి అయిపోయింది బిడ్డా, మోటారు పెట్టు" అన్నాడు. చెరువు నీళ్లే తోడి చెరువులోకే ఎత్తునుంచి పోయించాం. ఎండెక్కేసరికి చేతికొచ్చిన చేపల్లో సగం తెల్లపొట్టలు తేలాయి. రెండు కిలోల బొచ్చెలు ముందు పోయాయి, అరచేతి పొడవువి మిగిలాయి.

పట్నం చెరువులో ఇది ఎందుకు ఇంత తరచుగా జరుగుతుందంటే, మురుగు వల్ల నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండకు ఆ నాచే నీళ్లకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. తెల్లవారకముందు నీళ్లలో ఊపిరి అన్నింటికన్నా తక్కువ. మబ్బు పట్టిన రోజు పగలు తయారయ్యేదీ తక్కువే. ఆపైన వాన కొట్టుకొచ్చిన కొత్త మురుగు కుళ్లడానికి మరికొంత ఖర్చు. లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన ఆక్సిజన్ ఉంటే బొచ్చె హాయిగా ఉంటుంది. 3 కిందికి దిగితే ఆయాసం మొదలు.

ఆ ఉదయం ఏరిన చచ్చిన చేపల్లో కొర్రమీను ఒక్కటీ లేదు. కుర్రవాళ్ల వాదనకు బలం అక్కడినుంచే వచ్చింది. తెలంగాణ రాష్ట్ర చేప ఊరికే కాలేదు అది. మొప్పలకు తోడు తల లోపల గాలి పీల్చే ఏర్పాటు ఉంది దానికి. మధ్యమధ్య పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి దిగిపోతుంది. ఎండిన చెరువు బురదలోనూ చాలాకాలం బతుకుతుంది. ఎవరూ పిల్లల్ని వదలకపోయినా ఒడ్డున తుంగలో, గడ్డిలో తనే గుడ్లు పెట్టి పెంచుకుంటుంది. వానాకాలం గట్టు మీద నిలబడి చూడండి. నీళ్ల మీద ఎర్రటి పిల్లలు ముద్దగా కలిసి తేలి మునుగుతుంటాయి, కిందే తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ సమయంలో గాలానికి కప్పపిల్లను కట్టి ఆ ముద్ద మీద వేస్తే తల్లి తప్పకుండా కరుస్తుంది. చాలామంది అదే పని చేస్తారు. ఒక్క చేప కోసం వందల పిల్లల్ని జెల్లలకు అప్పగించడం అది. దయచేసి చేయకండి.

ధర సంగతి చెప్పేదేముంది! మృగశిర కార్తె నాడు బతికున్న కొర్రమీను తొట్టిలో కనిపిస్తే బొచ్చె ముఖం చూసేవాళ్లుండరు. కానీ అది వేటచేప. పక్క చేపల్ని తింటుంది, దొరక్కపోతే తన జాతినే తింటుంది. పది బొచ్చెలు బతికే చోట పది కొర్రమీన్లు బతకవు. కిలో లెక్కన ధర రెట్టింపున్నా చెరువు మొత్తం మీద దిగుబడి చాలా తక్కువ. వలకు కూడా సరిగా చిక్కదు. తుంగలో దాక్కుంటుంది, లేదా వల మీదుగా ఎగిరి దూకుతుంది. గుర్రపుడెక్క చెరువంతా కప్పేస్తే పైకి వచ్చి గాలి పీల్చుకోవడం దానికీ కష్టమే.

జిలేబీ అనే తిలాపియా గురించి రెండు ముక్కలు చాలు. పిల్లల మీద పిల్లలు పెట్టి, చివరికి అరచేతి సైజు దాటని గుంపుతో చెరువు నింపేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాట ఎత్తనే వద్దు. దాని పెంపకాన్ని దేశంలో 2000లోనే నిషేధించారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. బొచ్చె చచ్చి నీళ్లు చెడ్డాయని చెబుతుంది. కొర్రమీను అదే నీళ్లలో నవనవలాడుతూ దొరుకుతుంది. బతికి ఉంది కదా అని మనం ఇంటికి తీసుకుపోతాం. చిన్న చేపల్ని తిని బతికేది కనుక వాటి ఒంట్లోని పాదరసం లాంటివి దీని ఒంట్లో పోగవుతాయి. అందుకే కంపెనీల రసాయనాలు కలిసే చెరువులో కొర్రమీనే మేలు అనే మాట నేను ఒప్పుకోను. అలాంటి చోట ఏ చేపా వద్దు. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా తేలినప్పుడు అక్కడివాళ్లు ఫ్యాక్టరీల మురుగు మీదే మొత్తుకున్నారు. పెద్దవే చస్తే ఊపిరి చాలలేదని అనుకోవచ్చు. చిన్నాపెద్దా తేడా లేకుండా, గాలి పీల్చే మార్పు చేపలు, కొర్రమీన్లతో సహా తేలితే నీళ్లలో విషం కలిసిందేమోనని అనుమానించి వెంటనే నీళ్లు పరీక్షకు పంపాలి.

ఇళ్ల మురుగు మాత్రమే, అదీ కొంచెమే వచ్చే మా చెరువు లాంటి చోట నా ఓటు బొచ్చె, రవ్వ, మృగాలకే, సంఖ్య తగ్గించి. అంతమంది సభ్యులకు నాలుగు రూపాయలు పంచగలిగేది అవే. కొర్రమీను కోసం పిల్లల్ని కొనక్కర్లేదు. దానికి గడ్డి ఒడ్డు ఉంటే చాలు, తన సంఖ్య తనే చూసుకుంటుంది. వదిలే ముందు మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి చూసుకోండి. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి మాయమైతే నాచు ఎక్కువైందని అర్థం. ఆ వారం పిల్లల్ని వదలొద్దు.

ఈసారి సంఘంలో రెండు విషయాలు అడిగాను. వినాయక నిమజ్జనం అయి నీళ్లు తేరుకున్నాకే పిల్లల్ని వదలాలన్నాను, అందరూ సరేనన్నారు. తూము పక్కనున్న తుంగను సుందరీకరణ పేరుతో పీకించొద్దని కాలనీవాళ్లను కూడా అడగాలన్నాను. ఆ మాట మీద ఇంకా తేలలేదు, వచ్చే ఆదివారం వాళ్లతో కూర్చుంటున్నాం.