నాన్న సైకిలుకి మూడు గేర్ల హబ్బు: ఏడేళ్లు తొక్కాక

మా నాన్నగారు కాలవల మీద లస్కరుగా పనిచేశారు. 1978లో అమలాపురంలో కొన్న ఇరవై నాలుగు అంగుళాల హెర్క్యులిస్ సైకిలు మీదే ఉద్యోగం అయిపోయేదాకా గట్లన్నీ తిరిగారు. రిటైరయ్యాక ఆ సైకిలు కొబ్బరికాయలు పోసే సావిట్లో గోడకి ఆనుకుని ఉండిపోయింది. 2018 సంక్రాంతి సెలవుల్లో దాని ఫ్రేమూ ముందు ఫోర్కూ మడ్‌గార్డులూ కెరియరూ ఉంచి, మిగతాదంతా మార్చి నాకోసం కట్టుకున్నాను. వెనక చక్రం మధ్యలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు (గేర్లన్నీ లోపలే ఉండే డబ్బా), రెండు చక్రాలకీ 70 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులు, అల్యూమినియం రిమ్ములు, సీల్డు బేరింగుల బి.బి. సెట్టు (పెడళ్లు తిరిగే ఇరుసు). స్కూలుకి రోజూ పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు, ఆదివారాలు ఎటు బుద్ధి పుడితే అటు. మీటరు మీద ఇప్పుడు 28,600 కిలోమీటర్లున్నాయి. ఏడు వానాకాలాలు, ఒక వరద చూసింది.

దీనికి ముందు నా దగ్గర ఇరవై ఒక్క గేర్ల రెడీమేడ్ సైకిలు ఉండేది. కొత్తలో బాగానే ఉండేది. కానీ మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రేగడి బురద ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వానాకాలంలో రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి గేరు మార్చే చిన్న చక్రాల మధ్య బురద ముద్దలు కట్టి, చైను ముందుకీ వెనక్కీ కదిలేది కాదు. ముందు ఫోర్కులో స్ప్రింగులు ఉప్పుగాలికి తుప్పు పట్టి రెండో ఏడాదికల్లా బిగుసుకుపోయాయి. ఒకసారి ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటుతుంటే, పక్కనున్న మోటారుసైకిలు కాస్త ఒరిగి నా సైకిలు వెనక గేరు మీద ఆనింది. వంగిందని నేను గమనించలేదు. కోటిపల్లి రేవు దిగి మొదటి గేరు వేయగానే ఆ ముక్క వెళ్లి స్పోకుల్లో ఇరుక్కుంది. మూడు స్పోకులు తెగాయి. ఆ ఎండలో సైకిలు పట్టుకుని నడుస్తున్నప్పుడే, బయటికి వేలాడే గేర్లు మన నేలకి పనికిరావని గట్టిగా అనిపించింది.

హబ్బు గేరులో కదిలే భాగాలన్నీ చక్రం మధ్యలో ఉన్న డబ్బాలోనే ఉంటాయి. బయటికి కనపడేది ఒక సన్నటి గొలుసు ముక్క, దాన్ని లాగే వైరు. లోపల ఇరుసుకి బిగించి ఉన్న ఇరవై పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న చక్రాలు, వాటన్నిటి చుట్టూ లోపలివైపు అరవై పళ్లున్న రింగు. బలం రింగులోంచి వెళ్లి చిన్న చక్రాల పంజరం మీదుగా బయటికొస్తే చక్రం ముప్పాతిక వంతు వేగంతో తిరుగుతుంది, అది ఒకటో గేరు. రెండో గేరులో ఉన్నది ఉన్నట్టు. మూడో గేరులో దారి తిరగబడి, పంజరంలోంచి రింగుకి వెళ్తుంది, ఒకటికి మూడో వంతు ఎక్కువ వస్తుంది. ఈ రకం లెక్క 1930ల నుంచీ మారలేదు. మొదటిసారి విప్పి పళ్లు లెక్కపెట్టినప్పుడు, ఎనభై ఏళ్ల క్రితం ఎవరో కూర్చుని ఇంత పొందికగా ఆలోచించారే అని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

మూడు గేర్లు చాలతాయా అని అందరూ అడుగుతారు. డెల్టాలో చాలతాయి. నా సైకిలుకి ముందు 44 పళ్లు, వెనక 20. పెడల్ ఒక చుట్టు తిరిగితే ఒకటో గేరులో దాదాపు 3.6 మీటర్లు, రెండులో 4.85, మూడులో 6.5 మీటర్లు వెళ్తుంది. మాకు కొండల్లేవు, ఎక్కాల్సినవి వంతెనలే. వశిష్ఠ మీద చించినాడ వంతెన, వైనతేయ మీద బోడసకుర్రు వంతెన, గౌతమి మీద యానాం-ఎదుర్లంక వంతెన. కెరియర్ మీద పాతిక కేజీల బియ్యం బస్తాతో కూడా ఒకటో గేరులో దిగకుండా ఎక్కాను. అసలు ఒకటో గేరు ఎక్కువగా వాడేది గాలికి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు వెళ్తే ఎదురుగాలి కొట్టేస్తుంది. అంతర్వేది వెళ్లిన రోజుల్లో చివరి ఇరవై కిలోమీటర్లూ ఒకటో గేరే. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంటే మూడో గేరు.

కట్టడంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది వెనక ఫోర్కు గురించి. పాత సింగిల్ గేరు హబ్బు కంటే కొత్తది వెడల్పు. ఫ్రేముని విడదీయాలి. మా ఊరి సెంటర్లో సైకిల్ షాపు పెట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు, నేను బాబాయ్ అంటాను. ఆయన ఫ్రేముని రెండు వేళ్లతో తట్టి చూసి, "ఇనుము మాట వింటుందండీ మాష్టారూ. అదే అల్యూమినియం అయితే నేను చెయ్యి పెట్టను" అన్నారు. ఒక్కసారిగా గుంజకుండా నాలుగైదు విడతల్లో కొంచెం కొంచెంగా విడదీశాం. ప్రతిసారీ దారంతో చూశాం. వెనక ఇరుసు కూర్చునే ఒక చెవికి నూలు దారం కట్టి, ముందు హేండిలు గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో చెవికి తెచ్చి బిగించాలి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. రెండూ సమానంగా వచ్చేదాకా వదలకూడదు. మాకు మధ్యాహ్నం భోజనాల నుంచి దీపాలు పెట్టేవేళ దాకా పట్టింది. ఆ పనికి బాబాయ్ డబ్బులు తీసుకోలేదు.

రిమ్ముల సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మన పాత సైకిళ్ల 28 ఒకటిన్నర అంగుళాల సైజు రిమ్ము, టైరు కూర్చునే చోట అడ్డంగా కొలిస్తే 635 మిల్లీమీటర్లు. ఇప్పటి 700సి రిమ్ము 622. అంటే పాత బ్రేకు రబ్బర్లు కొత్త రిమ్ముకి అందవు. డ్రమ్ము బ్రేకు అయితే ఆ గొడవే లేదు, ఎందుకంటే అది చక్రం మధ్యలోని డబ్బా లోపలే పడుతుంది, రిమ్ముని ముట్టుకోదు. 622 రిమ్ముకి 40 మిల్లీమీటర్ల టైరు వేస్తే సైకిలు పాతదాని కంటే అర సెంటీమీటరు కూడా కిందికి దిగలేదు. రాడ్ బ్రేకుల హేండిలుకి వైరు లీవర్లు కూర్చోవు కాబట్టి హేండిలు మాత్రం మార్చాల్సి వచ్చింది. అది విప్పేటప్పుడు నాన్నగారి మొహం చూడలేకపోయాను. అటక మీద జాగ్రత్తగా చుట్టి పెట్టాను.

చక్రాలు నేనే అల్లాను. ఒక్కోదానికి ముప్పై ఆరు స్టెయిన్‌లెస్ స్పోకులు, ప్రతి స్పోకూ మూడింటిని దాటేలా. మొదటిది మూడు రోజులు పట్టింది, బెండు తీసేకొద్దీ ఇంకోచోట వచ్చేది. అప్పుడు బాబాయ్ నేర్పిన చిట్కా ఏమిటంటే, కంటితో చూడకముందు చెవితో వినమని. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటితే అన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. పల్చగా పలికిన చోట టెన్షన్ ఎక్కువ, మొద్దుగా పలికిన చోట తక్కువ. తంబురా సరిచేసుకున్నట్టు సరిచేశాను. ఏడేళ్లలో ఒక్క స్పోకు కూడా తెగలేదు.

2022 జూలై వరదలో ఇది మునిగింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులవి. మా అత్తగారి ఊరు లంక గ్రామం. చూసి వద్దామని సైకిలు మీద వెళ్లాను, మర్నాటికి ఏరు పెరిగిపోయి పడవలో ఏటిగట్టు మీదికి రావాల్సి వచ్చింది. సైకిలు అరుగు మీద స్తంభానికి కట్టేసి వచ్చాం. రెండు రోజులు హబ్బులు ఎర్రనీళ్ల కింద ఉన్నాయి. నీళ్లు తీశాక వెళ్తే చైను మీద అంగుళం మందాన ఒండ్రు. ఇంటికి తెచ్చి, పెద్ద పళ్లెం పరిచి హబ్బు విప్పాను. లోపల గ్రీజు కాఫీ రంగుకి తిరిగింది, నీళ్లు బాగానే దూరాయి. అన్నీ కిరోసిన్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టి, బేరింగులకి గ్రీజు, వేలిగోరంత ఉండే కొక్కేలకి మాత్రం నూనె పెట్టాను. ఆ కొక్కేలకి గ్రీజు పెడితే అతుక్కుపోయి గేరు పట్టదు. వాటి వెనకుండే స్ప్రింగులు వెంట్రుకల్లా ఉంటాయి. ఒకటి ఎగిరిపోయి, అరగంట వెతికితే చాప కింద దొరికింది. బిగించి తొక్కితే ఒకటి, రెండు, మూడు, మూడూ పడ్డాయి. ఈ హబ్బు మీద నా గౌరవం ఆ రోజు నుంచీ వేరు.

రోజువారీ చూడాల్సింది వైరు బిగువు ఒక్కటే. రెండో గేరులో పెట్టి, కుడి నట్టుకున్న కన్నంలోంచి చూస్తే గేరు గొలుసుకి తగిలి ఉండే లోపలి పుల్ల కొస ఇరుసు అంచుకి సమానంగా కనపడాలి. అది తప్పితే తొక్కుతున్నప్పుడు పెడల్ జారుతుంది, నిలబడి తొక్కేవాళ్లకి మోకాలు పగులుతుంది. ఇంకో సంగతి, రెండూ మూడూ గేర్లలో హబ్బు టిక్కుటిక్కుమంటుంది, ఒకటో గేరులో నిశ్శబ్దం. కొత్తలో నాన్నగారు అరుగు మీంచి "ఏవిట్రా ఆ చప్పుడు, చైను కొట్టుకుంటోందా?" అని కేకేసేవారు. ఇప్పుడు నేను వీధి మలుపు తిరిగేటప్పుడే ఆ చప్పుడుకి గేటు తీస్తారు.

డ్రమ్ము బ్రేకులు వానలో ఎండలో ఒకేలా పట్టాయి. పాత రాడ్ బ్రేకులకి ఇనుప రిమ్ము తడిస్తే ఆగేది దేవుడి మీద భారం. ఇవి కొత్తలో మెత్తగా ఉన్నాయి, మూడు వందల కిలోమీటర్లు తిరిగాక కుదురుకున్నాయి. కానీ ముందు 70 మిల్లీమీటర్లది నా బరువూ సామానూ కలిపి చూస్తే చాలదు. యానాం వంతెన దిగేటప్పుడు బస్తా ఉంటే పట్టు తక్కువ అనిపిస్తుంది. ఇప్పుడైతే ముందు 90 మిల్లీమీటర్లదే తీసుకునేవాణ్ని. వరద తర్వాత గ్రీజు డ్రమ్ము లోపల రాసుకునే బ్రేకు షూల మీదికి వెళ్లి వెనక బ్రేకు పూర్తిగా పోయింది. గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో తుడిస్తే తిరిగొచ్చింది.

వెనక చక్రం ఊడదీయడం మాత్రం పెద్ద పనే. గేరు గొలుసు, బ్రేకు వైరు, బ్రేకు చేతిని ఫ్రేముకి పట్టే క్లిప్పు, రెండు నట్లు, ఇరుసు తిరక్కుండా ఆపే వాషర్లు, ఇన్ని విప్పాలి. పంక్చరుకి మాత్రం విప్పను. మన షాపుల్లో ఎప్పుడూ చేసేదే, చక్రం అలాగే ఉంచి టైరు ఒకవైపు లేపి, ట్యూబు బయటికి లాగి అతికించడం. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లకి నెలకొకటైనా పడుతుంది కాబట్టి చెయ్యి తిరిగిపోయింది.

తుప్పు గురించి ముందే జాగ్రత్తపడింది ఒక్క ఫ్రేము లోపలే. గొట్టాల్లోకి అవిసె నూనె పోసి, ఫ్రేముని అన్ని వైపులకీ తిప్పి, మిగిలింది కార్చేసి రెండు వారాలు ఆరబెట్టాను. అది గాలికి ఆరి లోపల పొరలా గట్టిపడుతుంది. మొన్న బి.బి. విప్పినప్పుడు టార్చి వేసి చూస్తే లోపల ఎర్రపొడి లేదు. సీటు కింద అల్యూమినియం గొట్టం విషయంలో మాత్రం తప్పు చేశాను. గ్రీజు రాయకుండా దించేశాను. ఇనుమూ అల్యూమినియమూ ఉప్పుగాలిలో కలిసి ఉంటే ఒకదాన్నొకటి తిని అతుక్కుపోతాయి. రెండేళ్ల తర్వాత సీటు ఎత్తు మార్చబోతే కదల్లేదు. చివరికి సైకిలుని తలకిందులు చేసి, ఆ గొట్టాన్ని వైసులో బిగించి, ఫ్రేముని ఇద్దరం పట్టుకుని మెలితిప్పితే వచ్చింది. గొట్టం పాడైంది, ఫ్రేము బతికింది. ఇప్పుడు మూడు నెలలకోసారి తీసి గ్రీజు రాస్తాను.

తోలు సీటు మా వానలకి వద్దు. మొదటి శ్రావణంలోనే నాని ఉయ్యాలలా జారింది. బోల్టు ఎంత బిగించినా పాత రూపు రాలేదు. మామూలు స్ప్రింగుల సీటు వేసుకున్నాను, హాయిగా ఉంది. నాన్నగారి డైనమో అలాగే ఉంచి ఎల్‌ఈడీ లైటు పెట్టాను. టైరు తడిస్తే జారుతుంది, అప్పుడు టార్చే.

మొత్తం 36 వేలు అయింది, అందులో హబ్బులకే సగం. చైను మామూలు సైకిళ్లకి వేసే ఎనిమిదో వంతు అంగుళం వెడల్పుదే, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇరవై నాలుగు కీళ్ల పొడవు కొత్తలో పన్నెండు అంగుళాలుంటుంది. దానికి అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చేస్తాను, ఇప్పటికి నాలుగు మార్చాను. హబ్బు లోపలి స్ప్రింగులూ కొక్కేలూ మాత్రం అమలాపురంలో గానీ రాజమండ్రిలో గానీ నాకు దొరకలేదు. హబ్బు కొనేటప్పుడే ఒక జత అదనంగా తెప్పించుకోండి, ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

రోజుకి వంద కిలోమీటర్లు వేగంగా తొక్కేవాళ్లకి ఇది బరువు. మారేడుమిల్లి ఘాటు ఎక్కాలనుకునేవాళ్లకి మూడు గేర్లు చాలవు. గట్ల మీద, పంటుల మీద, ధవళేశ్వరం ఆనకట్ట దాకా కాలవ వెంబడి తొక్కుకునేవాళ్లకైతే నేను ధైర్యంగా చెబుతాను. ఇంట్లో పాత ఫ్రేము ఉంటే ఇనుప సామాన్లవాడికి వేయకండి.

ఈ వేసవి సెలవుల్లో ముందు హబ్బు మారుస్తున్నాను. 90 మిల్లీమీటర్లది నిన్ననే పార్సిల్లో వచ్చింది. స్పోకులు పాతవి సరిపోవు, డ్రమ్ము పెద్దది కాబట్టి కాస్త పొట్టివి కావాలి. కొలతలు తీసి బాబాయ్‌కి ఇచ్చాను.