సూపర్‌దారీనా, వేలమా?

ఒక ట్రాక్టర్ నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటే పోలీసులు సీజ్ చేస్తారు. హక్కు తేలేదాకా స్టేషన్ వెనక వేపచెట్టు కింద ఉంచితే ముందు బ్యాటరీ పోతుంది, తర్వాత టైర్లు. అందుకే కోర్టు ముందున్న దారులు ప్రధానంగా రెండు.

సూపర్‌దారీ, అంటే మధ్యంతర కస్టడీ: బాండు, పూచీకత్తు రాయించుకుని ఒకరికి అప్పగిస్తారు. అడిగినప్పుడు తెచ్చి చూపాలి, అమ్మకూడదు. ఇచ్చింది స్వాధీనమే, యాజమాన్యం కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. వాహనాలను స్టేషన్లలో తుప్పు పట్టనివ్వొద్దని, ఫొటోలు తీసి త్వరగా అప్పగించాలని 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 497వ సెక్షన్ గడువులూ పెట్టింది: వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల జాబితా, ఫొటోలు తీశాక 30 రోజుల్లో ఉత్తర్వు.

వేలం: టమాటా, చేపలు లాంటివైతే ఇదే మేలు. సరుకు కుళ్లినా సొమ్ము నిలుస్తుంది, కేసు గెలిచినవారికి అది దక్కుతుంది. కానీ వేలంలో సరైన ధర రావడం అరుదు.

ట్రాక్టర్‌కైతే నా ఓటు మొదటిదానికే. దున్నే రోజులు తీర్పు కోసం ఆగవు కదా!