‘ఫ్రీ’ డీవీడీ కన్వర్టర్లతో జాగ్రత్త: మూడు డిస్కులు, ఒక లైసెన్సు పోగొట్టుకున్నాక రాస్తున్నాను

నాన్న పాత డీవీడీ ప్లేయర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. పాప వీడియోలు ఆయన టీవీలో చూడాలంటే డిస్క్ రాయాల్సిందే. ‘ఏ వీడియో అయినా ఒక్క క్లిక్కుతో డీవీడీ, పూర్తిగా ఫ్రీ’ అని ఊరిస్తున్న సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. ఆ ఫ్రీ దించుకోవడం వరకేనని తర్వాత తెలిసింది.

కన్వర్ట్ అవడానికే మూడు గంటలు. ప్రివ్యూలో బొమ్మ శుభ్రంగా ఉంది. తీరా డిస్క్ వేసి చూస్తే పాప మొహానికి అడ్డంగా ఆ సాఫ్ట్‌వేర్ పేరు, తెల్లటి పెద్ద అక్షరాల్లో, మొదట్నుంచి చివరిదాకా. డీవీడీ-ఆర్ ఒకసారి రాస్తే చెరపలేం.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను లైసెన్స్ కొన్నాను.

బొమ్మ మీది ఆ సాఫ్ట్‌వేర్ పేరు పోయింది. కానీ రెండో డిస్క్ కంప్యూటర్లో ఆడింది, నాన్న ప్లేయర్లో ఆడలేదు. తెరిచి చూస్తే లోపల ఎంపీ4 ఫైలు ఉన్నది ఉన్నట్టు కాపీ అయి ఉంది. అంటే అది రాసింది డేటా డిస్క్. పాత ప్లేయర్లకు కావాల్సింది డీవీడీ-వీడియో: ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియో, పాల్ (మన దేశంలో వాడిన టీవీ ప్రమాణం) పద్ధతిలో అయితే 720×576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు, అన్నీ ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డర్లో వాబ్, ఐఎఫ్ఓ ఫైళ్లుగా. ఆ ఫోల్డర్ లేకపోతే అది నాన్నకి పనికొచ్చే డిస్క్ కాదు.

మూడోసారి డీవీడీ-వీడియో ఆప్షన్ వెతికి పట్టుకున్నాను (మెనూలో మూడు పొరల లోపల దాచారు మహానుభావులు). మూడున్నర గంటల వీడియో ఇస్తే కిక్కురుమనకుండా ఒక్క డిస్కులో కుక్కేసింది. పాప పరిగెత్తినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయింది. డిస్క్ మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో అది సుమారు 4.38 మాత్రమే. అందులో రెండు గంటలు దాటించకపోవడం మంచిదని నా అనుభవం.

డబ్బు వెనక్కివ్వమంటే, ‘మీ డిస్కుల నాణ్యత బాగోలేదు, పైగా కీ యాక్టివేట్ చేశారు’ అని జవాబొచ్చింది. కీ యాక్టివేట్ చేస్తే డబ్బు రాదన్న ముక్క రిఫండ్ షరతుల్లో నిజంగానే ఉంది. కొనేముందు చదవకపోవడం నా తప్పే.

చివరికి పని జరిగింది డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో. అది నిజంగానే ఉచితం, ఓపెన్ సోర్స్. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది, ఫర్వాలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్ కూడా మంచిదే కానీ ఈ పనికి రాదు, డీవీడీ-వీడియో తయారుచేయదు.

మీరు ఏది వాడినా నేరుగా డిస్కుకి రాయకండి. ముందు ఐఎస్ఓ ఫైలుగా (డిస్కు మొత్తం ఒకే ఫైల్లో) హార్డ్ డిస్కులో పెట్టుకుని వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో తెరిచి, మధ్యలోనూ చివర్లోనూ చూడండి. ట్రయల్ వెర్షన్ వేసే ముద్ర అక్కడే బయటపడుతుంది. తర్వాత డీవీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగల డిస్క్) మీద ఒకసారి రాసి, ఆడాల్సిన ప్లేయర్లోనే వేసి చూడండి. కొన్ని పాత ప్లేయర్లు ఆర్‌డబ్ల్యూ చదవవు, అది వేరే తలనొప్పి.

ఇప్పటికే కొనేసినవాళ్లు మీ ఖాతాలో ఆటో రెన్యువల్ టిక్ తీసేయండి. కొనేటప్పుడు నేను పెట్టకుండానే అది పెట్టి ఉంది, ఏడాది తిరిగేసరికి కార్డులోంచి మళ్లీ డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చాక గానీ నేను చూసుకోలేదు.