కఫం 16ఎస్ సీక్వెన్సింగ్ సేవలు: రంగుల గ్రాఫ్ కన్నా ఖాళీ గొట్టమే ముఖ్యం

తీవ్ర ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాల్లో ఏ బాక్టీరియా ఏ పాళ్లలో ఉందో, వాటి 16ఎస్ అనే జన్యువును చదివి తేల్చే 16ఎస్ సీక్వెన్సింగ్ ఇప్పుడు కొరియర్ పెట్టెతో నడిచే సేవ అయిపోయింది. పెట్టెలో స్టెబిలైజర్ ద్రవం పోసిన గొట్టాలు, లేబుళ్లు, ఒక ఫారం ఉంటాయి. కఫం నమూనా పంపితే పీడీఎఫ్ నివేదిక వస్తుంది, అడిగితే చదివిన డీఎన్‌ఏ ముక్కల ముడి ఫైళ్లు (ఫాస్ట్‌క్యూ) కూడా ఇస్తారు. సీక్వెన్సింగ్ పనికి ఐదుకు నాలుగు మార్కులు వేయవచ్చు, నివేదికకు రెండు చాలు. పదుల సంఖ్యలో రోగులను పోల్చి చూసే పరిశోధన బృందానికి ఈ సేవ అక్కరకొస్తుంది. ఒక్క రోగికి ఏ మందు రాయాలో తేల్చుకోవడానికి మాత్రం దీన్ని కొనవద్దు.

ఆసక్తి ఎందుకంటే, శ్వాసనాళాల లోపల అసలు సూక్ష్మజీవులే ఉండవన్న పాత నమ్మకాన్ని 2010లో హిల్టీ బృందం పరిశోధన గట్టిగా కదిపింది. ఆస్తమా ఉన్నవారిలో హీమోఫిలస్ వంటి ప్రోటియోబాక్టీరియా ఎక్కువగా, ఆరోగ్యవంతుల్లో ప్రివొటెల్లా ఎక్కువగా కనిపించాయి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు పెరిగిన తీవ్ర ఆస్తమాలో వైవిధ్యం తగ్గి, హీమోఫిలసో మొరాక్సెల్లానో ఒక్కటే రాజ్యమేలడం ఆ తర్వాతి పరిశోధనల్లోనూ బయటపడింది. ఇయొసినోఫిల్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు పెరిగిన ఆస్తమాలో ఇంత తేడా కనిపించదు. కాబట్టి కఫంలోని ఈ కణాల లెక్క పక్కన లేకుండా ఈ నివేదిక చదివితే సగం అర్థం పోతుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. స్టెబిలైజర్ ద్రవం డీఎన్‌ఏను కాపాడుతుంది కానీ కణాలను పగలగొడుతుంది. కఫం మొత్తాన్ని ఆ గొట్టంలో వేశారా, ఇక కణాల లెక్క లేనట్టే. ముందుగా పట్టకారుతో చిక్కటి కళ్లె ముద్దలను ఉమ్మి నుంచి వేరుచేసి, ఒక వంతు స్టెబిలైజర్‌లో వేయాలి. మిగతా వంతుకు దాని బరువుకు నాలుగు రెట్లు 0.1 శాతం డీటీటీ (కఫాన్ని పలచబరిచే రసాయనం) కలిపి, 15 నిమిషాలు ఊపి, 48 మైక్రాన్ల నైలాన్ జల్లెడలో వడగట్టి, గిర్రున తిప్పి కణాలను గాజుపలకపై పరిచే సైటోస్పిన్ స్లైడ్ చేయాలి. ఇదంతా నమూనా తీసిన రెండు గంటల్లోపే జరగాలి. 400 కణాలు లెక్కపెట్టి ఇయొసినోఫిల్స్ 3 శాతం, న్యూట్రోఫిల్స్ 61 శాతం గీతల దగ్గర విభజించడం ఎక్కువమంది పాటించే పద్ధతి. నోటి పొలుసు కణాలు మరీ ఎక్కువగా ఉంటే ఆ నమూనాను సీక్వెన్సింగ్‌కు పంపడం దండగ. అక్కడ చదివేది ఊపిరితిత్తులను కాదు, నోటిని.

పెట్టెతో వచ్చే కరపత్రాల్లో తరచూ "గట్టిగా దగ్గి గొట్టంలో ఉమ్మండి" అన్నంత మటుకే ఉంటుంది. తీవ్ర ఆస్తమా రోగి విషయంలో ఇది ప్రమాదకరమైన పొదుపు. కఫం తెప్పించడానికి ముందు శ్వాసనాళాలను విప్పే సాల్బుటమాల్ 200 నుంచి 400 మైక్రోగ్రాములు ఇచ్చి ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) కొలవాలి. నెబ్యులైజర్‌తో పీల్పించడానికి మామూలుగా 4.5 శాతం సెలైన్ (ఉప్పునీరు) వాడతారు. ఎఫ్‌ఈవీ1 బాగా తక్కువున్నవారికి 0.9 శాతంతో మొదలుపెట్టి, తట్టుకుంటే 3 శాతానికి వెళ్లాలి. ప్రతి విడత తర్వాత మళ్లీ కొలిచి, సాల్బుటమాల్ తర్వాతి అంకె కన్నా 20 శాతం పడిపోతే ఆపేయాలి. దగ్గే ముందు ప్రతిసారీ ముక్కు చీదించి, నోరు పుక్కిలింపించాలి. ఇవి శిక్షణ ఉన్నవారి సమక్షంలో చేసేవే తప్ప ఇంట్లో చేసేవి కావు.

నెబ్యులైజర్ కప్పు, సెలైన్, డీటీటీ అన్నీ ఎంతో కొంత బాక్టీరియా డీఎన్‌ఏ మోసుకొస్తాయి. డీఎన్‌ఏ తీసే కిట్లు కూడా అంతే. కఫం నమూనాలో బాక్టీరియా తక్కువగా ఉన్నప్పుడు నివేదికలో రాల్‌స్టోనియా, బ్రాడీరైజోబియం, స్ఫింగోమొనాస్ వంటి పేర్లు పైకి తేలతాయి. ఇవి నేల, నీటి వాసులు, రియేజెంట్ల కల్తీగా పేరుమోసినవి. సూడోమొనాస్‌తో తంటా ఎక్కువ, ఎందుకంటే అది కల్తీ కావచ్చు, నిజమైన రోగకారకమూ కావచ్చు. కల్తీ ఎక్కడిదో తెలియాలంటే కప్పులోంచి పోసిన వాడని సెలైన్, ఉత్త డీటీటీ, ఏమీ వేయని గొట్టం, ఈ మూడింటినీ నమూనాలతో పాటే పంపండి. ఈ ఖాళీ నమూనాల్లో (బ్లాంక్‌లు) ఎన్ని రీడ్స్ (చదివిన డీఎన్‌ఏ ముక్కలు) వచ్చాయో, కూర్పు తెలిసిన మాక్ నమూనా ఎంత సరిగ్గా తిరిగొచ్చిందో చూపించని సంస్థకు డబ్బు కట్టవద్దు.

16ఎస్‌లో ఏ భాగాన్ని చదవాలో పట్టి ఇచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అంటే ప్రైమర్ల సంగతీ ముందే అడగాలి. 16ఎస్‌లోని వి4 భాగం సుమారు 250 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), రెండు వైపుల నుంచి 250 బేస్‌ల రీడ్స్‌తో నిండుగా కలుస్తుంది. ముక్కుపొర, శ్వాసనాళపు బయాప్సీల్లో మాత్రం మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏను కూడా పట్టుకుంటుంది. వి3–వి4 సుమారు 460 బేస్‌లు. అక్కడ నాణ్యత పేరుతో ఒక రీడ్‌ను 250కి, రెండోదాన్ని 200కి కత్తిరిస్తే మొత్తం 450. రెండూ ఎక్కడా కలవవు, రీడ్స్‌లో ఎక్కువ భాగం మాయమవుతాయి. "నమూనా విఫలమైంది" అని వచ్చే కొన్ని నివేదికల వెనక తప్పు ఈ కత్తిరింపుదే. ముడి ఫైళ్లు తప్పక తీసుకొమ్మనడం అందుకే.

పీడీఎఫ్‌లో మెరిసే రంగుల పట్టీలు పాళ్లే చెబుతాయి, పరిమాణం చెప్పవు. పోలైన ఓట్లు ఎన్నో చెప్పకుండా ఓట్ల శాతం ప్రకటించినట్టు. యాంటీబయాటిక్‌తో మొత్తం బాక్టీరియా పదో వంతుకు పడిపోయినా, అన్నీ ఒకే తీరున తగ్గితే పట్టీ మారదు. మొత్తం బాక్టీరియా ఎంతో లెక్కగట్టే క్యూపీసీఆర్ పరీక్ష అదనపు రుసుముతో ఇస్తారు. ఈ ఒక్క అదనం మాత్రం వదులుకోవద్దు. జాతి పేర్లనూ పూర్తిగా నమ్మవద్దు. స్ట్రెప్టోకాకస్ న్యుమోనియేను నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్ నుంచి 16ఎస్ చిన్న ముక్క వేరు చేయలేదు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, హీమోలిటికస్‌ల మధ్యా అదే గొడవ. ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాలు ఈ పరీక్షకు కనిపించవు, వాటికి ఐటీఎస్ (శిలీంధ్రాల డీఎన్‌ఏ భాగం) సీక్వెన్సింగ్ వేరుగా చేయించాలి.

కొన్ని నివేదికల చివర "చికిత్స సూచనలు" అని ఒక పేజీ ఉంటుంది. దాన్ని చించేయవచ్చు. ఆస్తమా రోగులపై జరిగి 2017లో వెలువడిన అమేజెస్ ట్రయల్‌లో 420 మందిలో సగం మందికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాములు వారానికి మూడుసార్లు, 48 వారాలు ఇచ్చారు. ఉధృతులు (ఆస్తమా ఒక్కసారిగా విజృంభించడం) ప్లాసిబో (మందు లేని మాత్ర) తీసుకున్నవారిలో ఒక్కొక్కరికి ఏడాదికి 1.86 ఉంటే, మందు తీసుకున్నవారిలో 1.07 ఉన్నాయి, ఇయొసినోఫిల్ రకంలోనూ మేలు కనిపించింది. అందులో ఎవరికి మందు ఇవ్వాలో 16ఎస్ పట్టీ చూసి ఎంచలేదు. ఆ మందు మొదలుపెట్టే ముందు చూడాల్సినవి ఈసీజీలో క్యూటీ (గుండె లయకు సంబంధించిన కొలత), వినికిడి, కఫం కల్చర్‌లో క్షయేతర మైకోబాక్టీరియా. ఆ ట్రయల్ నమూనాల్లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే తగ్గినా మాక్రోలైడ్ (అజిత్రోమైసిన్ తరగతి మందులు) నిరోధక జన్యువులు పెరిగాయి. 16ఎస్ వాటిని చూడనే చూడదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఫారంలో గత నాలుగు వారాల యాంటీబయాటిక్స్, పీల్చే స్టెరాయిడ్ మోతాదు, ప్రెడ్నిసొలోన్, బయోలాజిక్స్ (యాంటీబాడీ ఇంజెక్షన్లు), పొగతాగే అలవాటు నింపండి. తీవ్ర ఆస్తమా నమూనాలన్నీ ఒక ప్లేటులో (నమూనాలను ఒకేసారి నడిపే పలక), ఆరోగ్యవంతులవన్నీ ఇంకో ప్లేటులో పడకుండా కలిపి అమర్చమని రాతపూర్వకంగా అడగండి. అలా పడితే ప్లేటు తేడానే రోగం తేడాగా కనిపిస్తుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు.